‘మార్చేద్దాం’ అన్నా.. ‘ముందు చూద్దాం’ అన్నాడు!

అరవై ఏళ్ల నాటి కారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తోంది. బాగు చేయాలా? మొత్తంగా మార్చేయాలా? మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచిల వాళ్లను ఇంటర్వ్యూలో ఇలాంటిదే ఏదో ఒకటి అడుగుతారు. ఒకప్పుడు నన్నడిగితే క్షణం కూడా ఆలోచించకుండా ‘మార్చేస్తా సార్’ అనేవాణ్ని. అలా అనే ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నా కూడా. ఆ జవాబులో తప్పేంటో నాకు కాలేజీలో తెలియలేదు. ఓ పెద్దాయన షెడ్డులో, కారు కింద పడుకుని ఒళ్లంతా ఆయిల్ పూసుకున్నాక తెలిసింది.

నాలుగేళ్ల కిందటి మాట. అమెరికాలో ఎం.ఎస్. అయిపోయింది. మిషిగన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ దగ్గర ఓ ఇంటి పై గదిలో అద్దెకుండేవాణ్ని. ఓపీటీ గడియారం మొదలైంది. అమెరికా వెళ్లిన వాళ్లకి ఇదేంటో బాగా తెలుసు. చదువు అయ్యాక వచ్చే ఈ అనుమతి కాలంలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అప్పటికే నలభై రోజులు గడిచాయి. మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి, మూడూ పోయాయి. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే ‘ఇంకా చూస్తున్నారమ్మా, చెప్తామన్నారు’ అని దాటేస్తున్నా. నాన్న అయితే అడగడమే మానేశాడు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఇంటి ఓనరు పెద్దాయన ఫోర్డ్ రూజ్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన షెడ్డులో 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఉండేది. 289 వీ8 ఇంజిన్, మూడు గేర్ల సీ4 ఆటోమేటిక్. ఆయన భార్య ఉన్నన్నాళ్లూ ఆమే నడిపిందట. ఆమె పోయాక కారు చాలాకాలం అలాగే ఉండిపోయింది. మనవరాలి పెళ్లికి అమ్మాయిని అందులోనే తీసుకెళ్లాలని ఆయన కోరిక. తీరా బయటికి తీస్తే గేర్‌బాక్స్ సరిగా పనిచేయట్లేదు. ఓ వర్క్‌షాపు వాళ్లు వచ్చి, కాసేపు నడిపి చూసి ‘గేర్‌బాక్స్ పోయింది, మార్చాల్సిందే’ అని మూడు వేల డాలర్ల పైచిలుకు లెక్క చెప్పి వెళ్లారు.

‘నువ్వు ఇంజినీరువి కదా బాబూ, నువ్వేమంటావు?’ అని నన్నడిగాడాయన. నేను ఆ రాత్రంతా నెట్‌లో చదివి, పొద్దున్నే ఠక్కున చెప్పేశా. ‘సీ4 తీసేసి ఏఓడీ వేసేద్దాం సార్. అది నాలుగు గేర్లది, ఓవర్‌డ్రైవ్ ఉంటుంది’ అని. ఆయన కాఫీ తాగుతూ అంతా విన్నాడు. ‘సరే. దీనికి ఏమైందో చెప్పు ముందు’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

లోపల ఏముంటుంది?

ఆటోమేటిక్ అంటే చాలామందికి అదో మూసిన పెట్టె. కాస్త విడదీసి చూద్దాం. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. గాలికి బదులు ఆయిల్ ఉందనుకోండి. టార్క్ కన్వర్టర్ పనిచేసే తీరు దాదాపు అదే. ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య ఆయిల్ ద్వారానే బలం వెళ్తుంది. అందుకే బ్రేకు తొక్కి ఆగినా ఇంజిన్ ఆగిపోదు.

దాని వెనక ప్లానెటరీ గేర్లు ఉంటాయి. మధ్యలో సన్ గేరు, చుట్టూ ప్లానెట్ గేర్లు, వాటి బయట రింగ్ గేరు. ఇందులో దేన్ని తిప్పుతాం, దేన్ని కదలకుండా పట్టి ఉంచుతాం అనేదాన్ని బట్టి గేరు మారుతుంది. తిప్పే పని క్లచ్‌లది, పట్టి ఉంచే పని బ్యాండ్‌లది. వీటిని ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో ఆయిల్ ప్రెషర్ ద్వారా వాల్వ్ బాడీ నిర్ణయిస్తుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. అంతా ఆయిల్, స్ప్రింగులు, వాల్వులే.

సీ4లో ఏ గేరులో ఏది పనిచేస్తుందో పెద్దాయన ఓ అట్టముక్క మీద రాసి గోడకి అంటించాడు.

• డ్రైవ్‌లో ఒకటో గేరు: ఫార్వర్డ్ క్లచ్ + వన్‌వే క్లచ్
• లో (ఎల్)లో ఒకటో గేరు: ఫార్వర్డ్ క్లచ్ + లో-రివర్స్ బ్యాండ్
• రెండో గేరు: ఫార్వర్డ్ క్లచ్ + ఇంటర్మీడియట్ బ్యాండ్
• మూడో గేరు: ఫార్వర్డ్ క్లచ్ + రివర్స్-హై క్లచ్
• రివర్స్: రివర్స్-హై క్లచ్ + లో-రివర్స్ బ్యాండ్

ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లు దీన్ని చూస్తే ట్రూత్ టేబుల్ అంటారు. నిజంగా అదే. ఈ ఐదు లైన్లు చేతిలో ఉంటే గేర్‌బాక్స్ విప్పకుండానే లోపల ఏది పాడైందో చాలావరకు చెప్పొచ్చు.

నా లిస్టులో మొదటిది లోపమే కాదు

‘ముందు నువ్వు నడిపి, కనిపించినవి కనిపించినట్టు రాయి. కారణాలు రాయకు’ అన్నాడాయన. వీధి చివరిదాకా నడిపి వచ్చి ఐదు పాయింట్లు రాశా. ఒకటి, బయలుదేరేటప్పుడు పికప్ అస్సలు లేదు. రెండు, డ్రైవ్‌లో వేశాక రెండు క్షణాలు కదలదు, తర్వాత దబ్బున పట్టుకుంటుంది. మూడు, గేరు ఆలస్యంగా, గట్టి కుదుపుతో మారుతోంది. నాలుగు, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. ఐదు, మూడో గేరులోకి వెళ్లేటప్పుడు ఇంజిన్ గయ్యిమని అరుస్తోంది కానీ స్పీడు పెరగట్లేదు. రివర్స్‌లోనూ అంతే.

ఆయన మొదటి పాయింటు చూసి పగలబడి నవ్వాడు. ‘లివర్ ఎక్కడ పెట్టావు?’ అన్నాడు. అప్పుడు తెలిసింది. 1964 నుంచి 1966 దాకా వచ్చిన సీ4 లివర్ దగ్గర డ్రైవ్‌కి రెండు చుక్కలుంటాయి. పెద్ద ఆకుపచ్చ చుక్క దగ్గర పెడితే ఒకటి, రెండు, మూడు గేర్లు వరసగా పడతాయి. చిన్న చుక్క దగ్గర పెడితే బండి నేరుగా రెండో గేరులో బయలుదేరుతుంది. మంచులో, జారే రోడ్ల మీద చక్రాలు ఊరికే తిరగకుండా ఇచ్చిన ఏర్పాటది. నేను చిన్న చుక్కలో పెట్టి నడిపి, పికప్ లేదని రాశా! బండి తయారు చేసినవాళ్లు కావాలని పెట్టినదాన్ని లోపం కింద రాసేశానన్నమాట. మాన్యువల్ చదవకుండా పనిలోకి దిగితే ఇలాగే ఉంటుంది.

చిన్న పార్టు, పెద్ద అనుమానం

మిగిలినవి నాలుగు. ఇంజిన్ నడుస్తుండగా, సమతలం మీద, ఆయిల్ వేడెక్కాక డిప్‌స్టిక్ తీసి చూశాం. ఆయిల్ బాగా తక్కువ ఉంది. కింద నేల మీద మాత్రం అంత మరక లేదు. మరి ఆయిల్ ఎటు పోతోంది?

సీ4 వెనక భాగంలో చిన్న డబ్బాలాంటి పార్టు ఉంటుంది. పేరు వ్యాక్యూమ్ మాడ్యులేటర్. ఇంజిన్ ఇన్‌టేక్ నుంచి ఓ గొట్టం దానికి వస్తుంది. ఇంజిన్ మీద బరువు ఎంత పడుతోందో వ్యాక్యూమ్‌ని బట్టి ఇది గేర్‌బాక్స్‌కి చెబుతుంది. లోపల రబ్బరు డయాఫ్రమ్ చిరిగితే రెండు జరుగుతాయి. ఒకటి, గేర్‌బాక్స్‌కి తప్పుడు సమాచారం వెళ్తుంది. ఇంజిన్ మీద ఎప్పుడూ ఫుల్ లోడ్ ఉందనుకుని ప్రెషర్ పెంచేస్తుంది. గేర్లు ఆలస్యంగా, గట్టిగా పడతాయి. రెండు, ఆ గొట్టం గుండా గేర్‌బాక్స్ ఆయిల్‌ని ఇంజిన్ పీల్చేసుకుని కాల్చేస్తుంది. అదే తెల్ల పొగ!

గొట్టం పీకి చూశా. లోపల ఎర్రగా తడి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ రంగు ఎరుపే. మాడ్యులేటర్ మార్చి, ఆ కాలం ఫోర్డ్ కార్లకు చెప్పిన టైప్-ఎఫ్ ఆయిల్ సరిపడా పోశాం. మళ్లీ నడిపితే పొగ పోయింది. కదలడానికి ఆలస్యం పోయింది. ఒకటి నుంచి రెండుకి గేరు మెత్తగా పడింది. మూడు లోపాలకి కారణం అరచేతిలో పట్టే ఒక్క పార్టు. వర్క్‌షాపు వాళ్లు ఆ గొట్టం పీకి చూడలేదు. నేనూ చూడకుండానే ‘మార్చేద్దాం’ అన్నాగా. వాళ్లనేం అనగలను?

ఐదోది మాత్రం పోలేదు

ఇలాంటి కథలు ఇక్కడితో అయిపోతే బాగుండేది. అవలేదు. మూడో గేరులో జారడం అలాగే ఉంది, రివర్స్‌లో కూడా.

గోడ మీద అట్టముక్క దగ్గరికి వెళ్లాం. మూడో గేరుకి, రివర్స్‌కి రెండింట్లోనూ ఉన్నది ఏంటి? రివర్స్-హై క్లచ్. కానీ రివర్స్ జారడానికి లో-రివర్స్ బ్యాండ్ కూడా కారణం కావచ్చు కదా? దానికో పరీక్ష ఉంది. లివర్‌ని ‘లో’లో పెట్టి, పల్లంలో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేశాం. ఇంజిన్ బ్రేకింగ్ గట్టిగా పట్టింది. అంటే బ్యాండ్ బాగానే ఉంది. అయినా పెట్టె విప్పేముందు బయటి నుంచి చేయగలిగినవన్నీ చేయాలన్నాడాయన. రెండు బ్యాండ్‌లనీ అడ్జస్ట్ చేశాం. లాక్‌నట్ వదులు చేసి, స్క్రూని 10 ఫుట్-పౌండ్ల టార్క్‌కి బిగించి, ఇంటర్మీడియట్ అయితే ఒకటీ ముప్పావు చుట్లు, లో-రివర్స్ అయితే మూడు చుట్లు వెనక్కి తిప్పాలి. ఫలితం లేదు. ఇక అనుమానం లేదు, లోపల క్లచ్ పోయింది.

అప్పుడు అసలు ప్రశ్న మళ్లీ వచ్చింది. బాగు చేయాలా, మార్చాలా? ఈసారి నేను ఠక్కున చెప్పలేదు. కాగితం మీద రెండు గళ్లు గీసి రాసుకున్నాం.

మార్చితే లాభం: ఏఓడీలో నాలుగో గేరు నిష్పత్తి 0.67. హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, శబ్దం, పెట్రోలు ఖర్చు తగ్గుతాయి. రోజూ దూరాలు తిరిగేవాళ్లకి అదే మంచిది. గేర్‌బాక్స్ కేసు పగిలిపోయినా మార్చడమే దారి.

మార్చితే ఇబ్బంది: అది నేరుగా కూర్చోదు. క్రాస్‌మెంబర్ మార్చాలి, డ్రైవ్‌షాఫ్ట్ పొడవు సరిచేయాలి, లివర్ లింకేజి మార్చాలి. 1980లలో వచ్చిన 5.0 లీటర్ ఇంజిన్ల ఫ్లెక్స్‌ప్లేట్ పొరపాటున ఈ 289కి వేస్తే, రెండింటి బ్యాలెన్స్ బరువు వేరు కాబట్టి ఇంజిన్ వణుకుతుంది. ఏఓడీకి థ్రాటిల్ లింకేజి సరిగా సెట్ చేయకపోతే ప్రెషర్ చాలక కొత్త గేర్‌బాక్స్ కూడా కొద్దిరోజులకే కాలిపోతుంది. అంటే పాత సమస్య పోయి కొత్త సమస్యలు అరడజను వస్తాయి.

ఈ కారు ఆదివారాలు ఊళ్లో తిరగడానికి, ఒక పెళ్లికి. సీ4 పార్టులు ఇప్పటికీ సులువుగా దొరుకుతున్నాయి. కేసు బాగుంది. బాగు చేయడమే సరైనదని తేలింది. అదే ‘మార్చేద్దాం’ అనడానికి మొదటి రోజు నాకు ఒక్క నిమిషం పట్టింది. ‘వద్దు’ అని తేల్చడానికి రెండు వారాలు పట్టింది!

విప్పడం తేలికే.. బిగించడమే పరీక్ష

జాక్ స్టాండ్ల మీద కారు ఎక్కించి, గేర్‌బాక్స్ దించాం. పాన్‌లో కాస్త నల్లటి పొడి తప్ప లోహపు ముక్కల్లేవు. అంటే గేర్లు క్షేమం. రివర్స్-హై క్లచ్ డ్రమ్ము విప్పితే ప్లేట్లు మాడి నల్లగా ఉన్నాయి. పిస్టన్ రబ్బరు సీళ్లు గట్టిపడి ప్లాస్టిక్‌లా అయ్యాయి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండికి ఇలా జరుగుతుంది. సీలు గట్టిపడితే ప్రెషర్ లీకవుతుంది, ప్రెషర్ చాలకపోతే క్లచ్ జారుతుంది, జారితే మాడుతుంది. మాడిన ప్లేట్లు మాత్రమే మార్చి సీళ్లు వదిలేస్తే మళ్లీ అదే కథ.

ఓవరాల్ కిట్ కొన్ని వందల డాలర్లలో వచ్చింది. తీసిన ప్రతి పార్టునీ తీసిన వరసలో అట్టల మీద పేర్చి ఫొటో తీశా. కొత్త ప్లేట్లు ముందుగా ఆయిల్‌లో నానబెట్టాం. పోగులు రాలే గుడ్డతో తుడవొద్దన్నాడు, ఒక్క పోగు వాల్వ్‌లో ఇరుక్కున్నా చాలట. క్లచ్ ప్యాక్ సందు ఫీలర్ గేజ్‌తో కొలిచాం. బిగించే ముందు ఆయిల్ దారుల్లోకి కంప్రెసర్ గాలి పంపితే ఒక్కో క్లచ్ ‘టక్’మని పట్టుకున్న శబ్దం వచ్చింది. పాత చెత్త మిగిలి కొత్త క్లచ్‌ని తినకుండా రేడియేటర్ కూలర్ గొట్టాలు కడిగేశాం.

చివర్లో నేను చేయబోయిన తప్పు ఇంకోటి ఉంది. గేర్‌బాక్స్ ఇంజిన్‌కి ఆనలేదు. కొద్దిగా సందు మిగిలింది. ‘బోల్టులు బిగిస్తే అదే దగ్గరికి వస్తుంది’ అని రెంచి తీసుకున్నా. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. టార్క్ కన్వర్టర్ లోపల పంపులో పూర్తిగా కూర్చోకపోతేనే ఆ సందు వస్తుంది. అలాగే బోల్టులతో లాగితే పంపు పగిలిపోతుంది. వెనక్కి లాగి, కన్వర్టర్‌ని మెల్లగా తిప్పుతూ తోస్తే ‘టుక్’మని లోపలికి దిగింది. తర్వాత గేర్‌బాక్స్ చేత్తోనే ఆనింది. బిగించేముందు కన్వర్టర్ స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూసుకున్నాం.

పెద్ద ఆకుపచ్చ చుక్కలో పెట్టి బయలుదేరాం. ఒకటి, రెండు, మూడు. ఇంజిన్ అరవలేదు. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. ఇంకో రెండు వీధులు ఎక్కువ తిప్పి తీసుకొచ్చాడు.

ఇంటర్వ్యూలో ఏం జరిగింది?

డెబ్బై ఒకటో రోజు నాలుగో ఇంటర్వ్యూ. టెస్ట్ ఇంజినీర్ పోస్టు, అదీ కాంట్రాక్టు మీద. ‘మీరు తప్పు చేసిన సందర్భం ఒకటి చెప్పండి’ అన్నారు. ఇంతకుముందైతే ‘నేను మరీ పర్ఫెక్షన్ కోరుకుంటా’ లాంటి బట్టీ జవాబు చెప్పేవాణ్ని. ఈసారి చుక్క కథ చెప్పా. మాడ్యులేటర్ దాకా, రెంచి దాకా అన్నీ చెప్పా. బోర్డు మీద ఆ ఐదు లైన్ల పట్టిక వేసి చూపించా. వాళ్లు ముప్పావుగంట దాని మీదే ప్రశ్నలడిగారు. ఎనభయ్యో రోజున ఆఫర్ వచ్చింది. కలల ఉద్యోగం కాదు. కానీ అమ్మకి అబద్ధం చెప్పే అవసరం పోయింది.

పాత కారు బాగు చేస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పట్లేదు. అంతకుముందు పోయిన మూడు ఇంటర్వ్యూల్లో కూడా వాళ్లు నన్నడిగింది పరిష్కారం కాదు, ఆ పరిష్కారానికి ఎలా వచ్చానో అని. నా దగ్గర అది లేదు. మీరు సీఎస్‌ఈ అయినా ఇంతే. సర్వర్ ఆగితే ‘రీఇన్‌స్టాల్ చేస్తా’ అనేవాడికీ, ‘ముందు లాగ్స్ చూస్తా’ అనేవాడికీ ఉన్న తేడా అదే.

మన దగ్గర దారులేంటి?

• ఆటోమేటిక్‌లు నాలుగు రకాలు: టార్క్ కన్వర్టర్, ఏఎంటీ, సీవీటీ, డీసీటీ. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ మామూలు కుటుంబాల కార్లలోకి వచ్చింది. నాలుగింటి తేడా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పగలిగేలా సిద్ధం అవ్వండి.

• ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా, బీటెక్‌లో మెకానికల్ లేదా ఆటోమొబైల్.. మూడు దారుల్లోనూ ఈ రంగంలోకి రావొచ్చు. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ఈ రంగంలోని ఉద్యోగాలకు నైపుణ్య ప్రమాణాలు తయారు చేస్తుంది, ఓసారి చూడండి.

• గేర్‌బాక్స్‌లకు పేరున్న జర్మనీ కంపెనీ జడ్‌ఎఫ్ 2017లో హైదరాబాద్‌లో టెక్నాలజీ సెంటర్ తెరిచింది. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం కూడా హైదరాబాద్‌లో ఉంది. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు సంగతి తెలిసిందే.

• ‘ఎలక్ట్రిక్ కార్లొస్తే ఇవన్నీ దండగ కదా’ అంటారా? చాలా ఎలక్ట్రిక్ కార్లలో గేర్లు మారవు, ఒకే నిష్పత్తి ఉంటుంది, నిజమే. కానీ ఇప్పటికే రోడ్ల మీదున్న ఆటోమేటిక్‌లకి ఏళ్ల తరబడి సర్వీసు కావాలి. లోపాన్ని వెతికే పద్ధతి మాత్రం ఏ బండికైనా పనికొస్తుంది.

• పాత కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్లకి: 2021లో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో భారీ మార్పులు చేస్తే ఆ అర్హత పోతుంది. ఏదైనా మార్చేముందు నిబంధనలు చదవండి.

• ఈ వారం చేయగలిగిన పని: మీ ఊళ్లో తెలిసిన మెకానిక్ షెడ్డుకి వెళ్లి, పాడైన ఒక్క పార్టు తెచ్చుకోండి. ఏం కనిపించింది, ఏం అనుమానించారు, ఎలా పరీక్షించారు, ఏం తేలింది అని నాలుగు లైన్లు రాయండి. మీ మొదటి అనుమానం తప్పయితే అదీ రాయండి. రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని రాసేకంటే ఇది బాగా పనికొస్తుంది.

పెళ్లి రోజుకి నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉన్నా. పెద్దాయన ఫొటో పంపాడు. మస్టాంగ్ ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో పెళ్లికూతురు. కింద ఒకటే లైను రాశాడు: ‘పెద్ద చుక్కలోనే పెట్టాను’.